బస్సెక్కని పిల్ల

పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చదువుకునేలా ఒక నవల రాస్తున్నాను. చనిపోయిన ఒక అమ్మాయి పెద్ద బస్టాండ్‌లో కళ్లు తెరుస్తుంది. ప్లాట్‌ఫారాల మీద రకరకాల బోర్డుల బస్సులు. ఒకటి ఎప్పుడూ వాన కురిసే ఊరికి పోతుంది, ఒకటి మాటలే లేని లోకానికి, ఒకటి వెనక్కి, ఆమె ఇంటికే. పొద్దుగూకేలోపు తనకు నచ్చిన పరలోకం ఎంచుకుని బస్సెక్కాలి. ఆ బస్టాండ్ కోసం నేను పెద్దగా ఊహించిందేమీ లేదు, కోదాడ బస్టాండ్‌నే రాసుకున్నాను. ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటాను.

నవలకు ఒక్కతే పాఠకురాలు, మిర్యాలగూడలో ఉండే మా అక్క. సూర్యాపేటలో మా అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలిన మనిషి ఆమే. చదివే తీరిక ఆమెకు ఎక్కడిది? అందుకే రాసిన భాగాన్ని చదివి, రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేదాన్ని. వంట చేసుకుంటూ వినేది. తిరిగి పంపే మాటల్లో కుక్కర్ విజిళ్లే ఎక్కువ. మధ్యలో అత్తమ్మ పిలిచేది, పిల్లలు పిలిచేవాళ్లు, రైస్ మిల్లు నుంచి వచ్చిన బావ అన్నానికి పిలిచేవాడు. "ఉండే, మల్ల చెప్త" అని ఆపేసేది. నాకు ఒళ్లు మండేది.

చివరి భాగం ఎలా ఉండాలో నాకు ముందే తెలుసు. ఆ అమ్మాయికి ఒక చెల్లెలుంది, దిక్కులేనిది. అందుకని ఆమె ఇంటికి పోయే బస్సే ఎక్కుతుంది. ఆ మాట చెబితే అక్క ఒప్పుకోలేదు.

"ఎక్కాలనే ఎందుకే? బస్టాండ్‌ల కూసుంటే కాదా? గాడ ఎవ్వలు పిలువరు గద."

"అట్లయితే కథ ఎట్ల నడుస్తది అక్కా?"

"నడువకుంటే ఏమాయె. జర సేపు ఆ పిల్లను కూసోనియ్యి."

నాకు కోపమొచ్చింది. నవలల గురించి నీకేం తెలుసన్నాను. ఆమె నవ్వింది. చివరి భాగం అక్కడే ఆగిపోయింది. కొన్నాళ్లకు అక్కకు జ్వరమొచ్చింది. దవాఖానలో చేర్చారు, ఇంటికి తిరిగి రాలేదు.

దినాల నాడు కాలువ గట్టు మీద పిట్టకు పెట్టారు. కాకి వచ్చి ముట్టితే పోయిన మనిషికి తృప్తి కలిగినట్టు, రాకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. విస్తరాకులో బగారన్నం, కోడికూర, గారెలు అన్నీ ఉన్నాయి. ఆమెకు ఏది ఇష్టమని ఎవరో బావను అడిగారు. "మేం తినంగ మిగిలింది తినేది" అన్నాడు. నాకూ తెలియదని అప్పుడే తెలిసింది.

తుమ్మచెట్టు మీద రెండు కాకులు కూర్చునే ఉన్నాయి, దిగలేదు. ఇక అందరూ బతిమాలడం మొదలుపెట్టారు. పిల్లలను మంచిగ చూసుకుంటానన్నాడు బావ. నీ కొడుకు ఏడుస్తున్నాడు రావమ్మా అంది అత్తమ్మ. వాళ్లది దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చారు. నన్నూ పిలవమన్నారు. నోటిదాకా వచ్చింది. రావే అక్కా, నాకెవరున్నారు అని గొంతు చించుకుని అరవాలనిపించింది. కానీ ఆమె చచ్చినా పిలుస్తూనే ఉన్నాం కదా అనిపించింది. నోరు మూసుకున్నాను. చెల్లెలి మనసు రాయి అని ఎవరో గొణిగారు. కాకి రాలేదు. విస్తరి ఆవుకు పెట్టి, కాళ్లు కడుక్కుని ఇంటికి నడిచాం.

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి సాయంత్రమైంది. గదికి పోబుద్ధి కాక బస్టాండ్ బెంచీ మీద కూలబడ్డాను. సూర్యాపేట బస్సు పోయింది, ఖమ్మం బస్సు పోయింది. ఫోన్ ఒక్కసారీ మోగలేదు. ఎవరూ పిలవని చోటు అక్కకు స్వర్గం. నేనేమో బతికుండగానే ఆ చోట కాపురం పెట్టి, ఎవరైనా పిలిస్తే బాగుండునని చూస్తున్నాను.

ఊడ్చే ఆమె నా కాళ్ల దగ్గర చీపురు ఆపింది. "యాడికి పోవాలమ్మా?"

"యాడికి లేదు. కూసున్న."

ఆ రాత్రి చివరి భాగం రాశాను. పొద్దుగూకింది. బస్సులన్నీ వెళ్లిపోయాయి. ఆ అమ్మాయి కాళ్లు చాపుకుని బెంచీ మీద కూర్చుంది. ఇంట్లో చెల్లెలు ఇంకా ఎదురుచూస్తూనే ఉంది, కానీ అక్కను పిలవలేదు.