పడనివాళ్ల పొత్తు

భూమిలో బంగారం ఉందని మా బావ పర్శరాములుకు గట్టి నమ్మకం. ఆ భూమి మీద తిరిగే మనుషుల్లో నమ్మదగినవాడు ఒక్కడూ లేడన్నది అంతకన్నా గట్టి నమ్మకం. ఆయనంటే నాకు గిట్టదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది, ఎలాగూ దాచలేను. మా అక్క వినోద మొగుడు కాబట్టి నా షాపుకొచ్చినప్పుడల్లా కుర్చీ వేసేవాణ్ని, చాయ్ తెప్పించేవాణ్ని. అంతే.

తాడ్వాయి దగ్గర పల్లెలో వాళ్ల ఇల్లు. బావ మస్కట్ ఎండలో ఇనుప చువ్వలు వంచి సంపాదించిన దాంట్లో మిగిలింది ఆ రెండు గదులే. మిగతాదంతా నిధి చూపిస్తామన్న స్వాములకు, నల్లకోళ్లకు, నిమ్మకాయలకు పోయింది. కింద పరిచిన షాబాద్ బండల్ని అక్క రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచేది. చెప్పులతో ఎవరైనా గడప దాటితే మొహం మీదే అనేది. బావకు ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఊరంతా తవ్వుకో, అడివంతా తవ్వుకో, ఈ ఇంటి జోలికి మాత్రం రావద్దు అని. బావ సరేనన్నాడు.

ఆయన పొలం చివర కూలిపోయిన బురుజు ఒకటి ఉంది. పూర్వం ఏదో దొర పారిపోతూ దాని మొదలు దగ్గర బంగారం పాతిపెట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. అలాంటి కథ లేని బురుజు మా వైపు ఒక్కటి కూడా లేదు. బావ ఒకనాడు ఎవరికీ చెప్పకుండా గడ్డపార తీసుకుపోయి అక్కడ పొడిచి చూశాడు. కింద బండ తగిలి ఖంగుమన్నది. మట్టి తోడి ఆ బండను లేపాలంటే ఒక్కడివల్ల కాదు, కనీసం ముగ్గురు కావాలి. బండ దొరికింది కానీ మనుషులు దొరకలేదు. ఆయన బాధంతా అదే.

మనుషుల్ని ఎంచడానికి ఆయన ఒక పరీక్ష పెట్టాడు. లేని నిధి ఒకటి ఉందని ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటు చెవిలో చెప్పేవాడు. కొన్నాళ్లాగి పోయి చూసేవాడు. అక్కడ మన్ను కదిలితే వాడు దొంగ. కామారెడ్డి గంజ్‌లో హమాలీ చేసే బాలమల్లుకు చెప్పిన చోట గడ్డిపరక కూడా కదలలేదు. పోనీ వాణ్ని పెట్టుకున్నాడా? అదీ లేదు. తవ్వలేదంటే వాడు ముదురు, నా ఎత్తు కనిపెట్టాడు అన్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు.

నాక్కూడా పెట్టాడు ఆ పరీక్ష. కామారెడ్డిలో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. ఒకరోజు వచ్చి, ఎల్లారెడ్డి అడవిలో ఫలానా మద్దిచెట్టు కింద బిందె ఉందని, నీకొక్కనికే చెప్తున్నానని గుసగుసలాడాడు. యాసంగి నీళ్ల కాలం, రైతులు మోటార్ల కోసం నా నెత్తి మీద కూర్చున్నారు. ఆ చెట్టు మొహం కూడా నేను చూడలేదు. పదిహేను రోజుల తర్వాత బావ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. మద్దిచెట్టు కింద గుంత ఉందట. ఆ అడవిలో పందులు తవ్వని చోటెక్కడ ఉంది బావా అంటే, పంది మీద పెట్టి తప్పించుకోకు అన్నాడు. షాపుకొచ్చిన రైతుల ముందే అన్నాడు. అక్కడితో ఆగక ఇంటికి పోయి, నీ తమ్ముడు దొంగ అని అక్కతో చెప్పాడు.

అక్క ఊరుకోలేదు. మా తమ్ముడు అసుంటోడు కాదని వాడకట్టంతా వినేటట్టు పోట్లాడింది. బావకు అన్నం పెట్టడం మానేసింది. ఆయనే వచ్చి నా షాపు ముందు నిలబడి, తప్పయిందని నసిగేదాకా పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అడవిపంది చేసిన పనికి నాకు దొంగ పేరు వస్తే, ఆ పేరు కడిగింది మా అక్క. అది నేనెన్నడూ మరిచిపోలేదు.

చివరికి బావకు ఒక ఉపాయం తట్టింది. కలిసిమెలిసి ఉండేవాళ్లను పెట్టుకుంటే ఇద్దరూ ఒకటై తనను ముంచుతారు. అదే ఒకరంటే ఒకరికి పడనివాళ్లయితే, వాడి మీద వీడు, వీడి మీద వాడు కన్నేసి ఉంచుతారు. తను నిమ్మళంగా ఉండొచ్చు. ఈ తెలివికి ఆయన ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

పడనివాళ్లకు మా దగ్గర కరువా? మొదటివాడు దేవేందర్, బావకు పాలివాడు, దాయాది. పొలం గట్టు దగ్గర బావకూ అతనికీ ఎప్పుడూ కొట్లాటే. రెండోవాడు ఎల్లారెడ్డి మేస్త్రి స్వామిదాసు. దేవేందర్ ఇంటికి స్లాబు పోసింది అతనే. మొదటి వానకే ఆ స్లాబు ఉరిసింది. దేవేందర్ నడిబజారులో స్వామిదాసు కాలర్ పట్టుకున్నాడు. అప్పటినుంచి ఒకరు కనబడితే ఒకరు దారి మార్చుకునేవారు. బావ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒట్టు వేయమన్నాడు. దేవేందర్ మల్లన్న బండారి పసుపు ముట్టి ప్రమాణం చేశాడు. స్వామిదాసు, మా బైబిల్లో ఒట్టు పెట్టుకోవద్దని ఉంటుంది, మాటంటే మాటే అన్నాడు. బావ మనసులో అదొక ముల్లు. అయినా ఒట్టు కన్నా పగే గట్టిదని సర్దుకున్నాడు. ఆ తర్వాత దొరికేదాంట్లో ఎవరికెంత పాలన్న పంచాయితీ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఊరంతా డీసీఎం వ్యాను ఎక్కి దోమకొండకు పెళ్లికి పోయిన రోజున ముగ్గురూ పట్టపగలే తవ్వారు. ఎవరైనా అడిగితే ఎరువు గుంత అని చెప్పాలనుకున్నారు. అడిగినవాళ్లు లేరు. బండ లేపారు. కింద గుండ్రంగా, నున్నగా, లోపలంతా పూత పూసిన గుంత. అందులో ఏమీ లేదు. అది పాతర. పాతకాలంలో జొన్నలు పోసి మూసిపెట్టుకునేవాళ్లే, అది. ఏ కరువులోనో జొన్నలు తినేసి ఉత్త పాతర మూసి వెళ్లిపోయారు.

ఉత్తదని ఇద్దరూ నమ్మితే కథ అక్కడికి ముగిసేది. దేవేందర్ కన్ను బండ అంచు మీద పడింది. అక్కడ గడ్డపార గీత తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. బావ ఉన్నమాట చెప్పాడు. మిమ్మల్ని పిలవక ముందు నేనే పొడిచి చూశాను, బండ తగలగానే ఆపేశాను అన్నాడు. జీవితంలో ఆయన చెప్పిన నిజాల్లో ఇంత ఖరీదైనది ఇంకొకటి లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్లాబు ఉరిసిన తర్వాత వాళ్లు కళ్లు కలపడం అదే మొదటిసారట.

మర్నాడు బావ ఫోన్ చేసి రమ్మంటే పోయాను. జాలితో కాదు, నవ్వుకోవచ్చని పోయాను. పాతరలోకి దిగి చూశాను. అడుగున జొన్నపొట్టు అట్టగట్టి ఉంది. దాని మీద చెద మందంగా, ఎక్కడా చెదరకుండా అల్లుకుని ఉంది. ఈ మధ్య ఎవరైనా అందులోంచి ఏదైనా తీసి ఉంటే ఆ చెద అలా ఉండదు. నేను నవ్వలేదు. ఆ మాటే దేవేందర్‌తో అంటే, చెద రాత్రికి రాత్రే పెడుతుంది, నువ్వు మీ బావను కాపాడకు అన్నాడు.

వారం తిరక్కముందే కామారెడ్డి బస్టాండు దగ్గర దేవేందర్, స్వామిదాసు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ప్లేటులో మిర్చీ బజ్జీలు తింటూ కనిపించారు. ఉరిసే స్లాబు మీద స్వామిదాసు మళ్లీ సిమెంటు పూత వేశాడట. బావ పడనివాళ్లను ఏరి తెచ్చుకున్నాడు. ఆయన పుణ్యమా అని వాళ్లు పాలు నీళ్లలా కలిసిపోయారు.

తర్వాత ఇద్దరూ బావ ఇంటికొచ్చారు. సొమ్ము ఇంట్లోనే దాచావు, చూపించకపోతే ఠాణాలో చెబుతాం అన్నారు. తాము కూడా ఇరుక్కుంటామని వాళ్లకు తెలుసు, అది ఉత్త బెదిరింపు. అది కనిపెట్టే తెలివి బావకు ఉండాలి కదా. తనను ఒక్కసారైనా నమ్మితే చాలనుకున్నాడో ఏమో, చూసుకోండి, ఇల్లంతా తవ్వుకోండి అన్నాడు. అక్కకిచ్చిన మాట ఆయనకు గుర్తే రాలేదు. ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఒకెత్తు, ఈ ఒక్కటీ ఒకెత్తు.

అక్క ఫోన్ చేస్తే నేను పోయేసరికి పని నడుస్తోంది. దేవేందర్ బండల సందుల్లో గడ్డపార దూరుస్తున్నాడు, స్వామిదాసు బండ లేపి గోడకు ఆనిస్తున్నాడు. మేస్త్రి చెయ్యి, ఒక్క బండ కూడా పగలలేదు. బండల కింద ఇసుక, ఇసుక కింద మొరం. పొయ్యి కింద కూడా చూశారు, దేవుడి మూల కూడా చూశారు. ఏమీ లేదు. ఇంట్లో లేదంటే వేరేచోట పెట్టినట్టు అని దేవేందర్ చేతులు దులుపుకున్నాడు. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లిపోయారు.

అక్క అంతసేపూ గడప దగ్గరే నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. లోపలికొచ్చి ఇసుకలో కూర్చుంది. బావ ఆమె ముందు తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె మెల్లగా అడిగింది.

"గాళ్లకు చెప్పకుంటే మానె. నాకన్న చెప్పు. ఏడ వెట్టినవ్?"

బావ మొహం వాడిపోయింది. నా వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను సాయం అడగడం అదే మొదలు.

"నగేశ్, నువ్వన్న చెప్పు. నువ్వు దిగి చూసినవ్ గదా."

ఆయన కోసం అబద్ధమాడే అవసరం నాకు లేదు. నిజం చెప్పడానికి మాత్రం అడ్డమేముంది? అక్క పక్కన కూర్చున్నాను.

"అక్కా, అండ్ల ఏం లేకుండె. ఉత్త జొన్నపొట్టు. నా కండ్లతోని చూసిన."

నా కోసం మొగుడికి అన్నం పెట్టడం మానేసిన మా అక్క నన్ను ఎగాదిగా చూసింది. చేతికంటిన ఇసుకను కొంగుకు తుడుచుకుంది.

"నీకెంత పాలిస్తనన్నడు, తమ్మీ?"