మెడపట్టీ

బనీను గుడ్డ ఎంత సాగుతుందో, వదిలితే ఎంత ముడుచుకుంటుందో వదిన బుగ్గకు ఆనించుకునే చెప్పేస్తుంది. మరుదులవీ ఆడపడుచువీ టీషర్టులన్నీ ఆమె గీసి, కత్తిరించి, కుట్టినవే. మిషను ముందు కూర్చుంటే చాలు, పిలుపులు మొదలు. "వదినా, నా సాక్సులేవీ?" "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయ్!" నోట్లో గుండుసూదులు పెట్టుకునే అందరికీ "ఊఁ" కొట్టడం ఆమెకు అలవాటైపోయింది.

మొన్న మొదటిసారి తనకోసం ఒకటి కుట్టుకుంది, లేత నీలంది. గది తలుపేసుకుని తొడుక్కోబోతే మెడపట్టీ బిగుతై తల దూరలేదు. చేతులు పైకి, మొహం గుడ్డలోపల. సరిగ్గా అప్పుడే అత్తగారు తలుపు బాదింది.

"ఎంతసేపే? లోపలేం చేస్తున్నావ్?"

"చొక్కాలో ఇరుక్కుపోయానత్తయ్యా. కాస్త ఆగండి."

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. "ఊరందరికీ కుడుతుంది, తన తల కొలత తనకి తెలీదు!" నవ్వుకుంటూనే ఎవరి పనిమీద వాళ్లు పోయారు. ఇక ఎవరూ పిలవలేదు. నీలిరంగు వెలుతురులో తన ఊపిరే తన మొహానికి వెచ్చగా తగులుతుంటే, ఆమె చేతులు దించకుండా అలాగే నిలబడిపోయింది. చాలాసేపటికి కుట్లు తెంపుకుని బయటపడింది.

మర్నాడు రెండోది మొదలుపెట్టింది. మెడపట్టీని టేపుతో రెండుసార్లు కొలిచి, సరిగ్గా ఆ పాత బిగుతు కొలతకే కత్తిరించింది.