ఒక్కసారి కొడితే సరే, రెండుసార్లు కొడితే మళ్ళీ

ఆ ఉదయం మైకమ్మకు కాలు నేల మీద నిలవలేదు. లిఫ్టు కంపెనీ నుంచి కబురొచ్చింది. కొత్తగా కడుతున్న ఒక పెద్ద ఆసుపత్రి లిఫ్టులన్నిటికీ గొంతు కావాలట, ఆవిడ పంపిన నమూనా తెగ నచ్చిందట. "మధ్యాహ్నం ఇంటర్నెట్లో కలుద్దాం. మీరు అక్కడ చదవండి, నేను ఇక్కడ వింటాను. అప్పటికప్పుడు తేల్చేద్దాం" అని రాశాడు ఆ కంపెనీ సారు. ఆ కబురును ఆవిడ వంటింట్లో ఒకసారి, బాల్కనీలో ఒకసారి, అద్దం ముందు ఒకసారి చదువుకుని మురిసిపోయింది. అద్దం ముందు చదివినప్పుడే 'అప్పటికప్పుడు' అన్న మాట కంటపడి మురిపెం కాస్తా కంగారైంది; ఒక్క వాక్యం తేల్చడానికే తనకి పూట పడుతుంది మరి.

మైకమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఏళ్ళ తరబడి మైకులో చెప్పి చెప్పి సంపాదించుకున్న పేరు. అక్కడ ఆవిడది చిన్న అద్దాల గది. ఆవిడ ఒక ముక్క చదివి అద్దం అవతలికి చూసేది. అక్కడ కూర్చున్న సూపర్‌వైజరు తల ఊపితే సరిపోయినట్టు, మొహం చిట్లిస్తే మళ్ళీ చదవాలన్నట్టు. ఒకరోజు ఆ గదిలోకి ఒక మిషను వచ్చి కూర్చుంది. దానికి జలుబు చేయదు, సెలవు అడగదు. "నిన్ను తీసెయ్యంలేవమ్మా, సామాన్లు భద్రపరిచే గదిలో కూర్చో" అన్నారు పైవాళ్ళు. ఆలోచించుకుంటానని చెప్పి ఇంటికొచ్చేసింది మైకమ్మ. వచ్చి ఊరుకుందా? గొంతునే సరుకుగా పెట్టుకుని ఇంట్లోంచే సొంత దుకాణం తెరిచింది.

దుకాణమంటే పడగ్గదిలోని చెక్క బీరువా. చీరలు, దుప్పట్లు, చలికోట్లు వేలాడే చోట శబ్దం తిరిగి కొట్టదని ఎవరో చెబితే విని, కింది అర తీయించేసి, ముక్కాలిపీట వేసుకుని, నెత్తిమీద ఒక బల్బు పెట్టించుకుని లోపల కూర్చునేది. బట్టల కొట్ల ప్రకటనలు, చిన్నపిల్లల పాఠాలు, "దయచేసి లైనులో ఉండండి" లాంటి ఫోను మాటలు అన్నీ ఆ బీరువాలోంచే బయటికి వెళ్ళేవి. లారీ మీద ఊళ్ళు తిరిగే మొగుడు ఒకసారి ఏదో ఆఫీసుకి ఫోను చేస్తే పెళ్ళామే లైనులో ఉండమంది. "ఇంట్లోనూ నీ మాటే, బయటా నీ మాటేనా!" అని మురిసిపోయాడు పాపం.

సొంత వ్యాపారంలో సుఖమేమిటంటే నెత్తిమీద అజమాయిషీ ఉండదు. మైకమ్మకు కష్టమూ అక్కడే వచ్చిపడింది. చదివింది బాగుందో లేదో చెప్పేవాడు లేడు. తల ఊపే తల లేదు. ఒక్క వాక్యాన్ని పొద్దున మొదలుపెడితే గొంతు బొంగురుపోయేదాకా చదివేది. అన్నీ బాగున్నట్టే ఉండేవి, ఏదీ బాగోనట్టూ ఉండేది. ఆఖరికి వంటింట్లోకి వెళ్ళి అత్తగారి కాళ్ళమీద పడ్డంత పని చేసింది.

"అత్తయ్యా, మీరు బీరువా బయట కూర్చోండి. నేను చదివింది బాగుంటే తలుపు మీద ఒక్కసారి కొట్టండి. బాగోకపోతే రెండుసార్లు."

అత్తగారు వెల్లుల్లి పొట్టు తీయడం ఆపి కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడ మాట్లాడేవాళ్ళ మొహంలోకి అలాగే చూస్తుంది. అడిగినదానికి కాక తనకు తోచినదానికి జవాబు చెప్పడం కూడా ఆవిడకి అలవాటే, పెద్దరికం అంతే కదా అనుకునేవాళ్ళు ఇంట్లో. "సరే గానీ, తలుపు బిడాయించుకుంటే ఊపిరాడక చస్తావ్. బెత్తెడు సందు ఉంచు. ఆ బల్బు ఆర్పకు" అని షరతు పెట్టి ఉద్యోగంలో చేరిపోయింది.

అబ్బ, ఏం తీర్పులు ఆవిడవి! మైకమ్మ గొంతు ఒక్క పిసరు తడబడితే చాలు, టకటక రెండు దెబ్బలు. బాగా వచ్చిందా, టక్కుమని ఒక్కటే. సూపర్‌వైజరైనా అప్పుడప్పుడు పొరపడేవాడేమో గానీ, అత్తగారు ఒక్కనాడు పొరపడలేదు. "మా అత్తయ్యవి పాము చెవులు" అని మైకమ్మ వీధంతా చెప్పుకుంది.

ఇప్పుడీ లిఫ్టుల పని దక్కితే ఏడాది పొడవునా చదవడానికి సరిపడా ఉంటుంది. దక్కకపోతే? సామాన్ల గది పెద్దమనిషి పొద్దున్నే ఫోను చేశాడు. "సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమ్మా, ఇంకొకరిని పెట్టుకోవాలి" అన్నాడు. వస్తానంటే బీరువాలోకి మళ్ళీ చీరలు వచ్చి చేరతాయి. ఎవరి పెట్టెలకో చీటీలు అంటిస్తూ, నెత్తిమీద మిషను అరుస్తుంటే వింటూ కూర్చోవాలి. ఆ ఊహకే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం అత్తగారు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. మైకమ్మ బీరువాలోకి దూరింది. కంపెనీ సారు ఇంకా లైనులోకి రాలేదు. గొంతు సవరించుకుని ఒకసారి చదివి చూసుకుందామని నోరు తెరిచింది.

"తలుపులు తెరుచుకుంటున్నాయి. దయచేసి..."

సరిగ్గా అప్పుడే పై వాటాలో డ్రిల్లింగు మిషను మొదలైంది. గోడలు గుయ్యిమన్నాయి. హ్యాంగర్లు గలగలలాడాయి. మైకమ్మ కంగారుగా నోరు మూసుకోబోయి, ఎలాగూ మొదలుపెట్టాం కదా అని వాక్యాన్ని నవ్వు మొహంతో ముగించేసింది. తనే వినలేని ఆ మాటకు బీరువా తలుపు మీద తీర్పు పడింది.

టక్కుమని ఒక్క దెబ్బ. సరే!

మైకమ్మ బయటికి తల పెట్టింది. ఇల్లంతా ఊగిపోతుంటే అత్తగారు స్టూలు మీద నిమ్మళంగా కూర్చుని ఉంది.

"అత్తయ్యా! ఆ చప్పుడు!"

"ఆఁ, బాగుందమ్మా. చాలా బాగా చదివావ్."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో మైకమ్మకు ఆ క్షణాన తెలిసొచ్చింది. పాము చెవులూ లేవు, పిల్లి చెవులూ లేవు. ఇన్నాళ్ళూ ఎవరి తీర్పు మీద బతికింది? ఏడుద్దామా అనుకుంది గానీ ఏడవడానికి వేళేదీ? ఫోను మోగుతోంది, కంపెనీ సారు.

"ఒక్క చిటికెలో వస్తానండీ, చోటు మారుతున్నాను" అనేసింది. ఎక్కడికి మారుతుందో ఆవిడకే తెలియదు. మైకు ఒక చేత్తో, ల్యాప్‌టాప్ ఒక చేత్తో, దుప్పటి నెత్తిన వేసుకుని మెట్లు దిగింది. కింద సెల్లారులో, డ్రైవింగు నేర్పే పొరుగింటి మాస్టారు తన పాఠాల కారును తుడుచుకుంటున్నాడు.

"మాస్టారూ, మీ కారు కాసేపు కావాలి."

"నడపడం వచ్చా అమ్మా?"

"నడపను. అద్దాలు ఎక్కించుకుని మాట్లాడతాను."

మాస్టారుకు ముక్క అర్థం కాలేదు గానీ, తలుపు తీశాడు. సెల్లారులో సిగ్నలు లేదు. ఆయనే కారును గేటు దగ్గరికి తెచ్చి నిలిపి, దిగి, ఎవరినీ అటు రానివ్వకుండా కాపలా నిలబడ్డాడు. మైకమ్మ దుప్పటిని నెత్తిమీదుగా మైకు మీదికి కప్పుకుంది. లోపల ఉడికిపోతోంది. గుండె దడదడలాడుతోంది. విచిత్రమేమిటంటే ఆ దడలో భయం సగమే. మిగతా సగం సరదా. బస్టాండులో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇంత గమ్మత్తు జరిగిందా!

మొదటి మాట చదువుతుండగా మోచేయి తగిలి హారన్ బుయ్యిమంది. అవతల సారు పకపకా నవ్వాడు.

"లిఫ్టుకి హారన్ కూడా ఇస్తారా అండీ?"

"అడిగితే బ్రేకులు కూడా ఇస్తానండీ. ఇది డ్రైవింగు నేర్పే కారు, రెండు జతలున్నాయి" అంది మైకమ్మ. ఆ జవాబు తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది.

మళ్ళీ చదివింది. ఇంకోలా చదివింది. మూడోసారి కూడా చదివింది. సారు "అన్నీ బాగానే ఉన్నాయండీ. గొంతు మీది. ఏది ఉంచమంటే అది ఉంచుతా" అన్నాడు.

మైకమ్మ అలవాటుగా చెవి రిక్కించింది. దెబ్బ పడలేదు. కారు అద్దం మీద ఎవరూ కొట్టలేదు. మాస్టారు అటు తిరిగి ఎవరో స్కూటరువాణ్ణి గదుముతున్నాడు. ఇక తనే చెప్పాలి. కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి లిఫ్టులో ఎవరుంటారు? అప్పుడే తండ్రైనవాడు ఉంటాడు. లోపల ఎలా ఉందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాడూ ఉంటాడు. ఇద్దరికీ తలుపు ఒకేసారి తెరుచుకుంటుంది. తనేమో వాళ్ళను తోసేస్తోంది.

"ఏదీ ఉంచకండి సార్" అంది. "నేను వాళ్ళని బస్సు ఎక్కిస్తున్నాను. తొందరపెడుతున్నాను. ఇంకొక్కసారి చదువుతాను, అదే ఉంచండి."

చదివింది. పక్కన నిలబడ్డ మనిషితో చెప్పినట్టు చదివింది. అయ్యాక తన లోపలేదో కుదుటపడి కూర్చున్నట్టు తెలిసింది. అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకుంది. అనుకుని కూడా భయపడలేదు. ఇంతకంటే బాగా ఇంకెవరూ చదవలేరు, కావాలంటే తీసుకోనీ, అనుకుంది.

"ఇదేనండీ" అన్నాడు సారు మెల్లగా. "ఇదే. మిగతావన్నీ ఇలాగే చదివి పంపండి. నేను వినక్కర్లేదు."

మైకమ్మ కారులోనే ఎగిరి గంతేసింది. నెత్తి పైకప్పుకు ఠంగున తగిలింది. ఆ ఊపులోనే సామాన్ల గదికి ఫోను చేసి, "రానండీ, నాకు చేతినిండా పని ఉంది" అని చెప్పేసింది. మాస్టారు చేతిలో తాళాలు పెట్టి రెండేసి మెట్లు ఎక్కింది.

పైన డ్రిల్లింగు ఆగిపోయింది. అత్తగారు స్టూలు మీద అలాగే కూర్చుని ఉంది, తప్పు చేసి దొరికిపోయిన మొహంతో. కోడలు ఎదురుగా చతికిలబడి, పెదవులు బాగా కదుపుతూ అడిగింది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

"నీ పెళ్ళినాటికే ఒక చెవి పోయింది. రెండోది మొన్న మొన్నటిదాకా కాస్త ఉండేది."

"మరి అంత సరిగ్గా ఎలా కొట్టేవారు?"

"నాకేం వినపడుద్దే! సందులోంచి నీ మొహం చూసేదాన్ని. చదివాక నీ కళ్ళు వెలిగితే ఒకటి కొట్టేదాన్ని, మూతి ముడిస్తే రెండు. బాగుందో లేదో నీకు ముందే తెలిసిపోయేది. నువ్వే నమ్మేదానివి కాదు."

మైకమ్మ తన నెత్తిన తనే మొట్టుకుంది.

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"నీ ఉద్యోగం మిషను తీసేసింది. నాక్కూడా చెవికి మిషను తగిలించి, ఈ ఉద్యోగంలోంచి పీకేస్తావేమోనని." ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంది. "నాకింత మంచి పని ఎప్పుడూ దొరకలేదే."

మైకమ్మ ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకుని, లేచి, మిగిలిన ముక్కలు చదవడానికి బీరువాలోకి వెళ్ళింది. ఈసారి సందు ఉంచలేదు. తలుపు పూర్తిగా దగ్గరికి లాక్కుంది. బయట అత్తగారు మూసిన తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఏంచేయాలో తోచక నిలబడింది. కాసేపటికి ఆ చేతికింద చెక్క ఒక్కసారి అదిరింది.

"ఏయ్ అమ్మాయ్!" అని కేకేసింది ఆవిడ. "కొట్టిందెవరే?"

తలుపు తెరుచుకుంది. లోపల బల్బు వెలుగులో కోడలి మొహం చెమటతో తడిసి మెరిసిపోతోంది.

"నేనే అత్తయ్యా."