లూదియా కొలవని కాలు

ఆళ్లగడ్డలో బడిపిల్లల నిక్కర్లంటే లూదియానే కుట్టాలి. నంద్యాలలో క్రైస్తవ మిషన్ వాళ్ళ దగ్గర పని నేర్చుకుంది. నడుము, సీటు, పొడుగు, కుడి తొడ చుట్టుకొలత, అంతే. ఎడమ కాలు ఎవరూ కొలవరు. దేవుడు రెండూ ఒకటిగానే ఇచ్చాడని లెక్క. పాత పేపరు మీద ఒక కాలు గీసి, దాన్ని మడిచిన బట్ట మీద పెట్టి కోస్తే రెండు కాళ్ళూ వచ్చేస్తాయి.

డెబ్బై ఎనిమిది జూన్‌లో కొడుకు యోహానుకూ అలాగే కుట్టింది. వాడు ఎండాకాలంలో జ్వరపడి లేచాడు. ఒకటో తరగతిలో వేయాలి. అప్పట్లో నిక్కరు తొడకు పట్టినట్టు ఉండాలి. తొడిగి చూస్తే కుడి కాలికి సరిగ్గా ఉంది. ఎడమ కాలికి వదులుగా వేలాడుతోంది.

"కత్తెర పక్కకు పోయినట్టుంది," అంది. కుట్లు విప్పి రెండు కాళ్ళ బట్టా ఒకదాని మీద ఒకటి పరిచింది. నూలుపోగు తేడా లేదు. అయినా ఒప్పుకుంటుందా ఆ మొండి మనిషి? కొత్త పేపరు తీసి మళ్ళీ గీసింది, మిగిలిన బట్టలో మళ్ళీ కోసి కుట్టింది. ఎడమ కాలు మళ్ళీ వదులే.

జ్వరం తగ్గాక వాడు గడప తట్టుకుని పడటం, ఆ కాలు ఈడ్చడం ఆమె చూడకపోలేదు. చూసి ఊరుకుంది. పోలియో అన్న మాటను నోటిదాకా రానివ్వలేదు.

"జ్వరం నీరసమే అది. సంగటి తింటాంటే వాడే పుంజుకుంటాడు," అంది అత్త జీవమ్మ. ఆ మాట అంటూ ఆమె కూడా వాడి కాలివైపు చూడలేదు.

టేపు లూదియా మెడలోనే ఉంది. ఊళ్ళో పిల్లలందరినీ కొలిచిన చేతులు కన్నకొడుకు ఎడమ కాలిని కొలవడానికి వెనకాడాయి. పారిపోదామనిపించింది.

"కదలకుండా నిలబడు నాయనా," అని ఎడమ తొడకు టేపు చుట్టింది. కుడి తొడకంటే అంగుళమున్నర తక్కువ.

గబగబా కుడి తొడ మళ్ళీ కొలిచింది. అది కూడా సన్నబడి ఉంటే ఎంత బాగుండు! ఒళ్ళంతా చిక్కాడు, తిండి పెడితే నిండుతాడు అనుకోవచ్చు. కన్నతల్లి అయ్యుండి, కొడుకు రెండో కాలు కూడా చిక్కిపోయి ఉండాలని కోరుకుంది. కుడి కాలు మొదట కొలిచినంతే ఉంది.

"మా, బడికి ఎప్పుడు పోవాల?" అన్నాడు యోహాను.

"రేపు నంద్యాల ఆస్పత్రికి పోదాం. వచ్చినాక బడికి పోదువు."

"ఆస్పత్రికి ఏందికి? నాకు జ్వరం లేదు గదా."

"లేదు నాయనా," అంది లూదియా. ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుంది. వదిలితే ఇంకా సన్నబడిపోతుందేమోనని ఆమె భయం.