నా అబద్ధానికి బాణీ కట్టారు

బెల్‌ఫాస్ట్‌లో నేను పనిచేసే కేర్ హోమ్‌లో పొద్దున్నే రేడియో మొదలవుతుంది. ఇక్కడి ముసలివాళ్లకు కంట్రీ పాటలంటే ప్రాణం. గిటార్ మూలుగుతుంటే కుర్చీల్లో కూర్చునే పాదాలు ఆడిస్తారు. ఈ ఏడాదంతా ఒకటే పాట మోగుతోంది. చనిపోతూ తన పేరే పిలిచిన తల్లి గురించి ఒక కొడుకు పాడిన పాట. విన్నవాళ్లందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ తల్లి పోయినప్పుడు పక్కన ఉన్నది నేను. ఆవిడ పిలిచిన పేరు కొడుకుది కాదు.

ఆవిడకు ఇద్దరు పిల్లలు. కూతురు ఒక స్కూల్లో వంట చేస్తుంది. పని అయ్యాక రోజూ వచ్చి తల్లికి తల దువ్వి, గోళ్లు తీసి, మేం తినిపించలేని నాలుగు చెంచాలు తినిపించి వెళ్లేది. కొడుకు పెద్దవాడు, పాటగాడు. క్రిస్మస్‌కు పూలు పంపేవాడు. అవి చూసి ఆవిడ "ఎవరు పంపారు?" అని అడిగేది.

ఆ మధ్యాహ్నం ఆవిడ కిటికీ పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. టీ చల్లారిపోయింది. కూతురి పేరు రెండుసార్లు పిలిచింది. వస్తుందిలెండి అని చెయ్యి పట్టుకున్నాను. కూతురు రావడానికి ఇంకా గంట ఉంది. ఆ గంట ఆవిడ ఆగలేదు.

కబురు అందాక ముందు వచ్చింది కొడుకు. ఆ వారం ఊళ్లోనే ఉన్నాడట. కార్ పార్క్‌లో నా చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాడు. "చివర్లో ఏమైనా అందా?" అని అడిగాడు. మా గుంటూరు వైపు చావింటికి ఏడుస్తూ వచ్చిన ప్రతివాళ్లతోనూ "నీ పేరే కలవరించిందయ్యా" అంటాం. అందరితోనూ అంటామని అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని పట్టుకుని వేలాడరు. నా నోటికి అదే వచ్చింది. "మీ పేరే పిలిచారు" అన్నాను. కిటికీ, రోడ్డు, చల్లారిన టీ కూడా చెప్పాను. అన్నీ పాటలోకి ఎక్కాయి.

కూతురు రాగానే వాళ్ల అన్నయ్య ఆ మాట ఆమెకు చెప్పేశాడు. ఆమె నా వైపు చూసింది. నేను దుప్పటి మడతపెడుతూ ఉండిపోయాను. ఆవిడ గురించి రోజూ రాసే నోట్స్‌లో ఆ రోజు టీ తాగలేదని రాశాను, పేరు సంగతి రాయలేదు.

పాట హిట్టయ్యాక ఇంటర్వ్యూల్లో దాని వెనక కథ చెబుతున్నాడు. అమ్మను చూసుకున్న నర్సు చెప్పిందట. నేను నర్సును కూడా కాదు, స్నానం చేయించి అన్నం తినిపించే కేరర్‌ని. మేనేజరు అతని ఫొటో తెచ్చి అందరూ కూర్చునే లాంజ్‌లో తగిలించింది. నాతో డ్యూటీ చేసే వరంగల్ అమ్మాయి ఒక్కదానికే నిజం చెప్పాను.

"ఊకో అక్కా! ఇప్పుడు నోరు తెరిస్తే ఉద్యోగం పోతది. మన వీసా వీళ్ల చేతుల్నే ఉన్నది, యాదికున్నదా?" అంది.

ఉంది. అందుకే నోరు మూసుకున్నాను. పైగా దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

పోయిన నెల కూతురు వచ్చింది, స్టోర్ రూమ్‌లో మిగిలిపోయిన తల్లి ఉన్ని కార్డిగన్ కోసం. సంచీలో పెట్టి ఇస్తుంటే లాంజ్‌లో ఆ పాటే మొదలైంది. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"నాలుగేళ్లు రోజూ వచ్చాను. చివర్లో ఒక్కసారైనా నేను గుర్తురాలేదా?" అంది.

ఇక నా వల్ల కాలేదు. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను. "ఆవిడ పిలిచింది మిమ్మల్నే. రెండుసార్లు పిలిచారు. మీ అన్నయ్యతో నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని నా భుజం తట్టింది.

"చాలా మంచి మనసు నీది. బాధలో ఉన్నవాళ్లకు ఏం చెప్పాలో నీకు బాగా తెలుసు" అంది.

నిజమండీ, నిజంగా మీ పేరేనని చెయ్యి పట్టుకుని ఆపాను. "తెలుసులే" అని మెల్లగా విడిపించుకుంది. ఆమె నమ్మలేదు.