గుమ్మడికాయకు దక్కిన పేరు

నివేదిత ఒక బడిలో ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. రెండు సంగతులు జంటగా కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు, రెండింటి వెనకా మూడోది ఉందేమో చూడండర్రా అని ఏటేటా చెప్పి గొంతు అరగదీసుకుంటుంది. ఇంటికొస్తే ఆ పాఠానికి విలువ సున్నా.

మామగారు చిన్నస్వామికి సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు. జోరువాన పడి బళ్లకు సెలవిచ్చిన రోజుల్లో నివేదిత వెళ్లి ఆ కొట్లో కూర్చునేది. ఆ పక్కనే చూలై అనే పేటలో తెరవబోయే రెండో కొట్టు తన చేతికిస్తానని ఆయన మాటిచ్చాడు మరి. ఉద్యోగం మానేసి దాన్ని నడపాలని ఆమె ఆశ.

ఈ ఏడు వానలు ముదిరాక ఆయన మాట మార్చాడు.

"నువ్వొచ్చి కూర్చున్న దినమంతా ఈడ ఈగలు తోలుకోవాల్సిందే. నీ రాక కొట్టుకు అచ్చిరాలేదమ్మా. చూలై షాపు విజయ్ చూసుకుంటాడులే."

"నేనొచ్చేది వాన సెలవుకే గదా మామా. మోకాటి లోతు నీళ్లలో బేరానికి ఎవరొస్తారు?"

"ఆ వాన గూడా నువ్వొచ్చిన దినమే పడతా ఉండాది, చూడు."

నివేదితకు కంపరమెత్తింది. అంతకన్నా రోత పుట్టించింది మొగుడు విజయకుమార్. ఐటీ కంపెనీలో పొద్దస్తమానం ఇలాంటి లెక్కలే చేసే మనిషి, ఫోన్లోంచి తలెత్తకుండా, "నాన్నతో ఎందుకు, వదిలెయ్" అన్నాడు. తెలియక వాగే ముసలాయన కన్నా తెలిసి నోరు మూసుకునే ఈయన హీనమనిపించింది.

తర్వాతి వాన సెలవుకు ఆమె ఇల్లు కదల్లేదు. కొట్లో ఆరోజూ బోణీ కాలేదు. తడిసి ముద్దై వచ్చిన చిన్నస్వామి తువ్వాలు అందుకుంటూ, "పొద్దున్నే నీ మొహం చూసి పోయినా గదా. దిష్టికి గుమ్మడికాయ మార్చాల" అన్నాడు.

కొట్టు ముందు కొత్త బూడిదగుమ్మడికాయ వేలాడింది. వాన వెలిసింది. పెళ్లిళ్ల బేరాలు ఎగబడ్డాయి.

"చూసినారా, కాయ కట్టినాక బేరం ఎట్టుందో" అన్నాడాయన భోజనాల దగ్గర. విజయకుమార్ తలూపాడు. ఆ తల ఊపుడు చూసి నివేదితకు అన్నం సహించలేదు.

"ఈరోజూ కాఫీ ఇచ్చింది నేనే మామా. నా మొహమే చూసి పోయినారు."

ఆయన విననట్టు చారు కలుపుకున్నాడు. ఎడమచేత్తో జేబులోంచి చూలై కొట్టు తాళంచెవి తీసి కొడుకు ముందు పెట్టాడు.

"ఆయనకెందుకు మామా," అంది నివేదిత కంచం ముందు నుంచి లేస్తూ. "ఆ గుమ్మడికాయకే కట్టండి."