లేపు, లేపెయ్

బొంతలమ్మ కుట్టిన బొంత కప్పుకుంటే మనిషికి చలి వెయ్యకపోవడం అటుంచి, చలికే ఉక్కపోసి లేచి వెళ్ళిపోతుందని వీధిలో ఒక మాట. అందులో సగమైనా నిజం. దర్జీలు ఊడ్చి పారేసే గుడ్డముక్కల్ని గోనెసంచుల్లో తెచ్చుకుని, ముందుగది కిటికీ పక్కన కుట్టుమిషను మీద అతికి బొంతలు చేస్తుందావిడ. ఊడిన జేబు, చిరిగిన కాలరు, ఏదైనా సరే, ఆవిడ చేతిలో పడితే దానికి మళ్ళీ ఉద్యోగం దొరికినట్టే.

అందుకే మనవరాలు కంప్యూటర్లో ఆడే కోటల ఆటలో శవాల దొర అనేవాడు ఆవిడకి చూడగానే నచ్చేశాడు. మిగతా దొరలు యుద్ధం గెలిచి చేతులు దులుపుకుని పోతారు. ఈయన మాత్రం గెలిచాక నేలమీద పడున్నవాళ్ళకేసి ఓసారి చూస్తాడు. వాళ్ళలో కొందరు ఎముకల సిపాయిలై లేచొచ్చి ఆయన సైన్యంలో చేరిపోతారు. దీన్ని లేపుడు విద్య అంటారని మనవరాలు చెప్పింది. విద్య ముదిరేకొద్దీ లేచేవాళ్ళు పెరుగుతారు. ఓడితే మాత్రం ఒక్క ఎముకా కదలదు.

"అంటే నిన్న మనల్ని పొడిచినవాడే ఇవాళ మన పక్కన నిలబడతాడన్నమాట," అంది బొంతలమ్మ మిషను ఆపి. "మీ తాతయ్య తరఫు చుట్టాల్లాగా."

ఆ దొరతో తనూ ఆడటం మొదలుపెట్టిన కొత్తలో ఆవిడ చెయ్యని పొరపాటు లేదు. సైన్యంలో రకానికొకటి చొప్పున గదులు కొన్నే ఉంటాయి. కనబడిన సిపాయినల్లా ముద్దొస్తున్నాడని చేర్చుకుని గదులన్నీ నింపేసింది. గెలిచిన చోటల్లా ఎముకలు లేవడం, కూర్చునే చోటులేక మట్టిలో కలిసిపోవడం. మనవరాలు నెత్తి కొట్టుకుని, ఎముకల సిపాయిలకి ఒక గది ఎప్పుడూ ఉంచాలని, ఎంతమంది లేచినా ఆ ఒక్క గదిలోనే సర్దుకుంటారని చెప్పింది. ముక్కలసంచిలాగన్నమాట అనుకుంది బొంతలమ్మ. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ చెప్పించుకోలేదు. శత్రువులు భయపడి పారిపోతామన్నా పోనివ్వడం కూడా మానేసింది. పారిపోయినవాడు చావడు, చావనివాడు లేవడు.

మనవరాలు వీధి చివరి గేమ్ సెంటర్లో జట్టుకి కెప్టెన్. పక్కవీధి బేకరీ అన్నదమ్ములతో జంటల పోటీ ముందుంది. ఇంతలో ఆమెతో జతగా ఆడే, అందరూ కళ్ళజోడు అని పిలిచే కుర్రాడు మెట్లమీద జారి చెయ్యి బెణికించుకున్నాడు. వాడికి కెప్టెన్ కుర్చీ మీద మొదట్నించీ ఒక కన్ను, కళ్ళజోడుతో కలిపి లెక్కేస్తే రెండు. మా అమ్మమ్మని ఆడిస్తానని మనవరాలు అనగానే జట్టంతా పకపకా నవ్వింది. కళ్ళజోడు నవ్వలేదు. సరే, ఆడించు, ఓడితే కుర్చీ నాకిచ్చి దిగిపో అన్నాడు. జట్టు తలూపింది. మనవరాలు కూడా ఊపింది.

ఆ సంగతి మనవరాలు ఇంట్లో చెప్పలేదు. అయినా పాలవాడి నోట బొంతలమ్మకి చేరింది. ఆవిడ పెట్టెలోంచి మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

పోటీరోజు సెంటర్లో నిలబడ్డానికి చోటులేదు. ఎత్తు చాలక కుర్చీలో రెండు బొంతలు మడతపెట్టి కూర్చున్న ఆవిడని చూసి బేకరీ పెద్దోడు, బామ్మగారూ, దిండు కూడా తెమ్మంటారా అని అడిగాడు. అక్కర్లేదు నాయనా, ఓడాక నీకే కావాలి, ఉంచుకో అందావిడ.

ఆట ఆఖరి యుద్ధానికి వచ్చింది. బేకరీవాళ్ళ విలుకాళ్ళు కోట మూలన నిలబడి బాణాలు కురిపిస్తున్నారు. వాళ్ళ మీదకి వెళ్ళిన బొంతలమ్మ ఎముకల సిపాయిలు ఆ మూలనే కుప్పగా పడిపోయారు. శవాల దొర దగ్గర ఒక్క మంత్రానికి సరిపడా శక్తి మిగిలింది. పిడుగు వేస్తే విలుకాళ్ళు సగమైనా తగ్గుతారు. మనవరాలు పక్కసీట్లోంచి అరిచింది.

"అమ్మమ్మా, ఆ మూలవాళ్ళని లేపెయ్!"

కుర్రకారు భాషలో లేపెయ్ అంటే చంపెయ్ అని. ఆ ముక్క బొంతలమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎరిగిన లేపడం ఒక్కటే. పిడుగు వదిలేసి, యుద్ధం మధ్యలో సొంత మృతుల్ని బతికించే మంత్రం నొక్కింది. మూలన కుప్పగా పడున్న ఎముకలు కటకటమంటూ లేచి నిలబడ్డాయి.

సెంటరంతా గొల్లున నవ్వింది. కళ్ళజోడు బాగున్న చేత్తో కెప్టెన్ కుర్చీ దుమ్ము దులిపాడు. మనవరాలి మొహం పాలిపోయింది.

ముందు నవ్వు ఆపింది బేకరీ చిన్నోడు. ఆ ఆటలో ఒక నియమం ఉంది. శత్రువు పక్కనే ఆనుకుని నిలబడితే విలుకాడు బాణం వెయ్యలేడు. ఎముకలు లేచింది సరిగ్గా విలుకాళ్ళ ఒళ్ళోనే. వాళ్ళు విల్లు పక్కనపెట్టి చేతులతో కలబడాల్సి వచ్చింది. చేతులతో కలబడే విలుకాడు ఉప్పులేని పచ్చడి. బాణాలు ఆగడంతో మనవరాలి గుర్రాలు కోటలోకి దూసుకెళ్ళాయి. కాసేపటికి మూలన విలుకాడన్నవాడు మిగల్లేదు.

గెలుపు అక్షరాలు తెరమీద పడ్డాక అసలు తమాషా జరిగింది. లేపుడు విద్య తన పని తను చేసుకుపోయింది. చచ్చిన విలుకాళ్ళలో కొందరు ఎముకల సిపాయిలై లేచి, బుద్ధిగా వచ్చి బొంతలమ్మ సైన్యంలో, ఆవిడ ఎముకలవాళ్ళకోసమే ఉంచిన గదిలో నిలబడ్డారు.

మనవరాలు ఆవిడని వాటేసుకుని, నేను చంపమన్నాను కదే, లేపావేంటి అని నవ్వుతూ ఏడ్చింది. సంగతి అర్థమైన బొంతలమ్మ కొంగు సర్దుకుని, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ముందు లేపాను. తర్వాత లేపేశాను. మళ్ళీ లేపాను. నువ్వన్న మాటలో ఒక్కటీ పొల్లుపోనిచ్చానా?"

కళ్ళజోడు దులిపిన కుర్చీని తనే మనవరాలి వెనక్కి జరిపాడు. ఆ పూట బొంతలమ్మ గోనెసంచి బదులు మనవరాలి చెయ్యి పట్టుకుని, కావాలనే చుట్టుదారిన, బేకరీ ముందునుంచి ఇంటికి నడిచింది.

మర్నాడు మనవరాలికి పొద్దుపోయినా మెలకువ రాలేదు. బొంతలమ్మ గుమ్మంలో నిలబడి, ఎదురింటివాళ్ళకి కూడా వినబడాలని గొంతు పెంచింది.

"కెప్టెన్ గారూ, లేపమంటారా, లేపెయ్యమంటారా?"